కోల్‌కతాలో చవక బసల వెంట

మొదటి రోజు: హౌరా

గుంటూరులో రాత్రి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కినవారు మరునాటి సాయంత్రానికి హౌరాలో దిగుతారు. సంక్రాంతి సందడి ముగిసి, కోల్‌కతాలో పుస్తక ప్రదర్శన జరుగుతున్న రోజుల్లో నేనూ, ఈ మధ్యనే బడి ఉద్యోగం నుంచి విరమించిన మా అక్కయ్యా ఆ రైలులో బయలుదేరాము. ఊరు చూడాలన్నది ఇద్దరి కోరిక. ఖర్చు విషయంలో మాత్రం అక్కయ్యదే మాట: బసకు ఇద్దరికీ కలిపి రాత్రికి 1,000 రూపాయలు దాటకూడదని ముందే గిరి గీసింది. ఆ మొత్తంలో గొళ్ళెం సరిగా పడే తలుపు, శుభ్రమైన స్నానాలగది, చీకటి పడ్డాక భయం లేకుండా ఎక్కగలిగే మెట్లు ఉన్న గది మహానగరంలో ఇద్దరు ఆడవాళ్ళకు దొరుకుతుందా అన్న సందేహం నాకు లేకపోలేదు.

ఖరగ్‌పూర్ వచ్చేసరికి ప్లాట్‌ఫారం మీద తెలుగు వినిపించింది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఉద్యోగాలకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ ఇప్పటికీ ఎక్కువగానే ఉన్నాయి. మా పెట్టెలో అక్కడ ఎక్కిన ఒక పెద్దావిడను చవక బస గురించి అడిగితే, ‘మీరు ఏ పని మీద వెళ్తున్నారమ్మా?’ అని ఆవిడే తిరిగి మమ్మల్ని అడిగింది. ఆసుపత్రికైతే ఒక చోటు, వ్యాపారానికైతే ఒక చోటు, కాళీమాత దర్శనానికైతే మరొక చోటు చెబుతానంది. ఊరు చూడడానికి వచ్చామంటే కాస్త ఆలోచనలో పడింది. ఆవిడ ప్రశ్న ఎంత సరైనదో తరువాతి రోజుల్లో మాకు బోధపడింది. కోల్‌కతాలో చవకగా దొరికే ప్రతి మంచమూ ఎవరో ఒక రకం మనుషుల కోసం వేసినదే. ఆ మనుషులెవరో తెలుసుకోకుండా వెళ్ళి అడిగితే ఖాళీ ఉన్నా లేదనే అంటారు.

మొదటి రాత్రికి వెతుకులాట పెట్టుకోలేదు. హౌరా స్టేషనులోని రైల్వే విశ్రాంతి గదిని ఐఆర్‌సీటీసీ ద్వారా ముందే తీసుకున్నాము. ఈ గదులు రైలు ప్రయాణికులకు మాత్రమే ఇస్తారు. టికెట్ కన్ఫర్మ్ అయినా, ఆర్‌ఏసీలో ఉన్నా సరిపోతుంది కానీ, వెయిటింగ్ లిస్టు టికెట్‌తో గది రాదు. పీఎన్‌ఆర్ సంఖ్య వేసి, దిగే స్టేషనునో ఎక్కే స్టేషనునో ఎంచుకుని, పన్నెండు గంటలకో, ఇరవై నాలుగు గంటలకో, గరిష్ఠంగా నలభై ఎనిమిది గంటలకో తీసుకోవచ్చు. గంటల లెక్కన ఇవ్వడమే ఇందులోని అసలు మేలు. మన విజయవాడ, తిరుపతి లాడ్జీలలో ఇరవై నాలుగు గంటల లెక్క మామూలే కాబట్టి ఆ విలువ మనకు పెద్దగా తెలియదు. కోల్‌కతా లాడ్జీలలో చాలావరకు మధ్యాహ్నం పన్నెండుకు, కొన్నిచోట్ల అంతకు ముందే, గది ఖాళీ చేయాలి. సాయంత్రం ఆరింటికి దిగినవారు అలాంటి చోట పూర్తి రోజు అద్దె కట్టి, దక్కించుకునేది మాత్రం ముప్పావు రోజే.

గది పాతకాలపుది, ఎత్తైన కప్పు, బరువైన తలుపు. పక్క బట్టలు ఉతికినవే. రైళ్ళ ప్రకటనలు బెంగాలీ, హిందీ, ఇంగ్లీషులలో తెల్లవార్లూ వినిపిస్తూనే ఉన్నాయి. నిద్ర తేలికగా పట్టనివారికి ఈ బస తగదు. అయితే కొత్త ఊళ్ళో రాత్రిపూట, సామాను చేతబట్టుకుని, స్టేషను బయట కమీషను కోసం కాచుకున్న దళారుల మధ్య నిలబడే అవసరం తప్పించినందుకు ఆ మాత్రం చప్పుడు భరించవచ్చు. దళారి చూపించిన గదికి అతని వాటా కూడా అద్దెలో కలుస్తుందన్నది ఏ స్టేషను దగ్గరైనా గుర్తుంచుకోవలసిన విషయమే.

రెండో రోజు: బడాబజార్

ఉదయం సామానును స్టేషనులోని క్లోక్ రూములో పెట్టాము. రైలు టికెట్ చూపించాలి, పెట్టెలకు తాళాలు ఉండాలి. తాళం లేని సంచిని తీసుకోరు. చేతులు ఖాళీ చేసుకుని 1943లో రాకపోకలకు తెరిచిన హౌరా వంతెన మీదుగా నడిచి బడాబజార్‌లో అడుగుపెట్టాము. చవక గది వెతికేవారికి ఖాళీ చేతులు చాలా ముఖ్యం. భుజాన సంచీ, చేతిలో పెట్టె ఉన్న మనిషి అలసిపోయాడని గుమాస్తాకు చూడగానే తెలుస్తుంది, ఆపైన అద్దె తగ్గే మాట ఉండదు.

బడాబజార్ మారవాడీ వర్తకుల కోట. రాజస్థాన్ నుంచి సరుకు కొనడానికో అమ్మడానికో వచ్చే తమవారి కోసం, గంగ సముద్రంలో కలిసే గంగాసాగర్‌కు వెళ్ళే యాత్రికుల కోసం ఇక్కడి వ్యాపారులు తరతరాలుగా ధర్మశాలలు కట్టించారు. మహాత్మా గాంధీ రోడ్డు మీద, దాని పక్క సందుల్లో అవి ఇప్పటికీ నడుస్తున్నాయి. మధ్యలో ముంగిలి, చుట్టూ మూడు నాలుగు అంతస్తుల వసారాలు, గుమ్మం దగ్గర ఎర్ర అట్ట వేసిన పెద్ద రిజిస్టరు. కాశీలో మన సత్రాలు చూసినవారికి ఈ వాతావరణం కొత్తగా అనిపించదు. మకర సంక్రాంతి ముందు వెనుకల రోజుల్లో అయితే సాగర్ యాత్రికులతో ఇవన్నీ నిండిపోయి, వసారాల్లో కూడా చోటుండదు. ఆ రద్దీ తగ్గిన తరువాత రావడం మాకు కలిసివచ్చింది.

మొదట అడిగిన చోట మా ఊరి వ్యాపారి ఎవరైనా రాసిచ్చిన పరిచయ లేఖ ఉందా అన్నారు. లేదన్నాము, ఖాళీ లేదన్నారు. ఇంకొక చోట ఒంటరిగా వచ్చిన మగవారికి గది ఇవ్వరని గోడ మీదే రాసి ఉంది; మా ముందు నిలబడిన ఒక యువకుణ్ణి ఆ బోర్డు చూపించి పంపేశారు. మా వంతు రాగానే అక్కడి మునీమ్, అంటే లెక్కలు చూసే గుమాస్తా, మా ఇద్దరి ఆధార్ కార్డులనూ తిప్పి తిప్పి చూసి, తండ్రి పేరు ఒకటే కావడం గమనించి, ‘సగీ బహనేఁ?’ (సొంత అక్కచెల్లెళ్ళా?) అని అడిగి, తాళంచెవి ఇచ్చాడు. కుటుంబంగా వచ్చినవారికి ఇచ్చే చోటు అది. అక్కయ్య పక్కన ఉండడం ఆ పూట నాకు ఏ పరిచయ లేఖకూ తీసిపోలేదు. గరిష్ఠంగా మూడు రోజులు ఉండవచ్చు. మాంసం, మద్యం, పొగాకు లోపలికి తేకూడదు. రాత్రి పదింటికి గేటు మూస్తారు. అద్దె మేము అనుకున్న దానిలో సగం కూడా లేదు.

గదిలో రెండు చెక్క మంచాలు, పలచని పరుపులు, ఒక ఫ్యాను మాత్రమే ఉన్నాయి. దుప్పట్లకు వేరే రుసుము. స్నానాలగదులు అంతస్తుకు ఒక వరుస, అందరికీ కలిపి. ఉదయం అయిదున్నరకు లేస్తే శుభ్రంగా ఉంటాయి, ఏడు దాటితే బారులు తీరతారు. చవక బసలో ఇబ్బంది ఎప్పుడూ అద్దె పట్టికలో కనిపించదు, ఇలాంటి వేళల్లో బయటపడుతుంది. బడాబజార్ సందుల్లోకి పగలు టాక్సీ రాదు, తలల మీద మూటలతో పరుగెత్తే ముఠా కూలీలకు దారి ఇవ్వడమే మన పని. హౌరా నుంచి సామాను తెచ్చుకోవడానికి మేమూ ఒక కూలీని మాట్లాడుకోవలసి వచ్చింది, ఆ డబ్బును కూడా అక్కయ్య అద్దె పద్దులోనే రాసింది. అలా రాయడమే న్యాయమని నాకూ తోచింది.

రాత్రి పది గంటల నిబంధన వల్ల సాయంత్రం ఊరు చూడడం కుదించుకోవలసి వచ్చింది. మహాకరణ్ మెట్రో స్టేషను దగ్గరలోనే ఉన్నా, గేటు మూస్తారన్న ఆదుర్దాతో తొమ్మిదింటికే తిరిగి వచ్చేశాము. తీర్థయాత్రకు వచ్చినవారికి ఈ కట్టుబాటు అడ్డం కాదు. నాటకమో సంగీత సభో చూడదలచినవారు ధర్మశాల జోలికి పోకపోవడం మంచిది.

మూడో రోజు: సడ్డర్ వీధి, మార్క్విస్ వీధి

1814లో ఏర్పడిన ఇండియన్ మ్యూజియం పక్కనుంచి చౌరంగీ రోడ్డును విడిచి లోపలికి సాగే చిన్న వీధి సడ్డర్ వీధి. రవీంద్రనాథ్ టాగోర్ యువకుడిగా కొంతకాలం అన్నగారితో ఇక్కడొక ఇంట్లో ఉన్నాడు. ఆ తరువాతి కాలంలో, ముఖ్యంగా వీపున సంచితో దేశాలు తిరిగే విదేశీ యువత ఈ వీధిని తమదిగా చేసుకుంది. సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ వారి అతిథిగృహం మొదలుకొని, పక్కనున్న స్టువర్ట్ లేన్ లాడ్జీల దాకా ఇక్కడి మంచాలన్నీ వారి అవసరాలను బట్టి అమరినవే: డార్మిటరీలో ఒక మంచం అద్దెకు దొరుకుతుంది, వారం పది రోజులు ఉంటే తగ్గింపు ఉంటుంది, రాత్రి ఎంత పొద్దుపోయి వచ్చినా తలుపు తీస్తారు. విదేశీయులకు గది ఇచ్చే ప్రతి బసా వారి వివరాలను అధికారులకు పంపాలి. ఆ ఏర్పాటు లేని లాడ్జీలు ఊళ్ళో చాలా ఉన్నందువల్ల విదేశాల్లో స్థిరపడి ఆయా దేశాల పాస్‌పోర్టులు తీసుకున్న మనవాళ్ళు కూడా చివరికి ఇటువైపే రావలసి వస్తుంది. మన ఇంటిపేరు, మన భాష ఎన్ని ఉన్నా, పాస్‌పోర్టు రంగును బట్టే గుమాస్తా నిర్ణయం ఉంటుంది.

సడ్డర్ వీధిలో మేము చూసిన గదులు అక్కయ్యకు నచ్చలేదు. ఒకదానికి కిటికీ లేదు, మరొకదానికి ఉన్న కిటికీ వసారాలోకి తెరుచుకుంటుంది. గది చూడకుండా అడ్వాన్సు ఇవ్వకూడదన్నది ఆమె మొదటి సూత్రం. చూసేటప్పుడు ఆమె పరుపు వంక చూడదు; కుళాయి తిప్పుతుంది, తలుపు లోపలినుంచి వేసి గడియను గుంజుతుంది, వెంటిలేటరు ఎటు తెరుచుకుంటుందో చూస్తుంది. పరుపు బాగాలేకపోతే ఒక రాత్రి నడుము నొప్పితో పోతుందనీ, గడియ బాగాలేకపోతే నిద్రే ఉండదనీ ఆమె లెక్క.

అక్కడినుంచి ఫ్రీ స్కూల్ వీధి దాటి మార్క్విస్ వీధికి వెళ్ళాము. ఈ ప్రాంతం బంగ్లాదేశ్ నుంచి వైద్యానికీ, న్యూ మార్కెట్‌లో కొనుగోళ్ళకూ వచ్చే కుటుంబాల మీద ఆధారపడి పెరిగింది. డబ్బు మార్చే దుకాణాలు, ఢాకా బస్సుల టికెట్ కార్యాలయాలు, ఢాకా వంటలు వండే భోజనశాలలు వరుసగా కనిపిస్తాయి. 2024 ఆగస్టులో బంగ్లాదేశ్‌లో ప్రభుత్వం కూలిన తరువాత వీసాలు బాగా తగ్గిపోవడంతో ఇక్కడి హోటళ్ళలో గదులు ఖాళీగా మిగిలాయి. ఒకరి కష్టకాలంలో మనకు గది చవకగా దొరకడం సంతోషించవలసిన సంగతేమీ కాదు. అయినా బేరానికి అవకాశం ఉన్న వీధి అదేనన్నది వాస్తవం. కుటుంబాల కోసం కట్టిన గదులు కావడం వల్ల అవి విశాలంగా ఉంటాయి, మూడు మంచాలూ, లోపలే స్నానాలగదీ ఉంటాయి. పట్టికలో రాసిన ధర కంటే బాగా తగ్గించి, 950 రూపాయలకు వీధివైపు కిటికీ ఉన్న గది ఇచ్చారు. నేను ఇంకొంచెం తగ్గించమని అడగబోతుంటే అక్కయ్య మోచేత్తో పొడిచి ఆపింది.

బిల్లు మీద పన్ను గురించి ఒక మాట. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు రోజుకు 1,000 రూపాయల లోపు గదులకు పన్ను మినహాయింపు ఉండేది. 2022 జూలైలో ఆ మినహాయింపు తీసేసి 12 శాతం విధించారు. 2025 సెప్టెంబరు 22 నుంచి 7,500 రూపాయల వరకు అద్దె ఉన్న గదులన్నిటికీ 5 శాతమే. ఇప్పటికీ పాత లెక్క చెప్పి 12 శాతం కలిపి అడిగేవారు తారసపడవచ్చు. అడిగిన మొత్తంలో పన్ను కలిసి ఉందా, విడిగా వేస్తారా అన్నది తాళంచెవి తీసుకోకముందే తేల్చుకోవాలి. మా గది అద్దె పన్ను కలుపుకుంటే 997 రూపాయల 50 పైసలైంది. అక్కయ్య గీసిన గిరి దాటలేదు.

ఆ సాయంత్రం న్యూ మార్కెట్ దగ్గర ఒక పైస్ హోటల్‌లో భోంచేశాము. ఇలాంటి చోట్ల ఉండడానికి గదులు ఉండవు, భోజనం మాత్రమే. పట్నంలో ఒంటరిగా ఉండే చిరుద్యోగుల కోసం పుట్టిన ఈ భోజనశాలల్లో అన్నం, పప్పు, కూర, చివరికి నిమ్మచెక్క వరకు ప్రతిదానికీ విడివిడిగా లెక్క కడతారు. చేపలకు పేరుపడ్డ చోటే అయినా శాకాహారి అయిన అక్కయ్యకు అరటిపువ్వు కూర, గసగసాల ముద్దలో వండిన బంగాళాదుంప దొరికాయి. బసలో మిగిల్చిన డబ్బు భోజనాల దగ్గర పోగొట్టుకోకుండా ఉండడానికి ఇంతకంటే మంచి దారి కోల్‌కతాలో లేదనుకుంటాను.

నాలుగో రోజు: లేక్ మార్కెట్

దక్షిణ కోల్‌కతాకు మారడానికి కారణం ఇడ్లీ. అక్కయ్యకు రోజూ ఉదయం పూరీ కూర తినడం కష్టంగా ఉంది. రాస్‌బిహారీ అవెన్యూ మీద లేక్ మార్కెట్ పరిసరాల్లో తమిళులు ముఖ్యంగా, వారితోపాటు ఇతర దక్షిణాదివారూ చిరకాలంగా నివసిస్తున్నారు. అరటాకులు, మల్లెపూల మాలలు, కాఫీ పొడి అమ్మే అంగళ్ళు ఆ సంగతి చెప్పకనే చెబుతాయి. ఇక్కడి కోమల విలాస్ భోజనశాల, బస రెండూ కలిసిన పాతకాలపు హోటల్. ఉద్యోగం మీద కొత్తగా వచ్చి ఇల్లు దొరికేదాకా తలదాచుకునే దక్షిణాది మనిషికి కావలసినవి దగ్గరలోనే ఉంటాయి: కింద కాఫీ, అయిదు నిమిషాల నడకలో కాలీఘాట్ మెట్రో, ఇంకొంచెం దూరంలో రవీంద్ర సరోవరం. ఆ వీధుల్లోనే ఒక మేడ మీది చిన్న అతిథిగృహంలో మాకు గది కుదిరింది. అద్దె గిరి మీద నూరు రూపాయలు ఎక్కువే అయినా, ఉదయపు ఫలహారానికి ఆటోలు ఎక్కే పని లేదు కాబట్టి అక్కయ్య మినహాయింపు ఇచ్చింది.

గోల్‌పార్క్‌లోని రామకృష్ణ మిషన్ సంస్కృతి సంస్థకు కూడా వెళ్ళి చూశాము. 1938లో మొదలైన ఆ సంస్థకు గ్రంథాలయం, ఉపన్యాస మందిరాలతోపాటు అతిథిగృహం కూడా ఉంది. పరిశోధనకో సదస్సుకో వచ్చేవారు ముందుగా రాసి, అనుమతి తెచ్చుకుని రావలసిన చోటు అది. అప్పటికప్పుడు వెళ్ళి గది అడిగే పద్ధతి అక్కడ సాగదు. 1917లో స్వామి ప్రణవానంద స్థాపించిన భారత్ సేవాశ్రమ సంఘం ప్రధాన కార్యాలయం కూడా ఇదే రాస్‌బిహారీ అవెన్యూ మీద, బాలీగంజ్ వైపు ఉంది. గయ, పూరీ వంటి క్షేత్రాల్లో ఈ సంఘం యాత్రి నివాసాలు తెలిసిన తెలుగువారు చాలామందే ఉంటారు. ఈ రోజు గురించి ఇంతకంటే చెప్పవలసినది లేదు. గది బాగుంది, కాఫీ ఇంకా బాగుంది.

అయిదో రోజు: సియాల్దా, పుస్తక ప్రదర్శన

పుస్తక ప్రదర్శన సాల్ట్ లేక్‌లోని కరుణామయి దగ్గర జరుగుతుంది. ఫలక్‌నుమా మాకు మరునాటి ఉదయమే, హౌరాలో. ఈ రెండింటికీ నడుమ ఉన్న చోటు సియాల్దా. 2025 ఆగస్టు 22న ఎస్ప్లనేడ్, సియాల్దాల మధ్య భాగం కూడా తెరవడంతో హౌరా మైదాన్ నుంచి సాల్ట్ లేక్‌లోని సెక్టర్ ఫైవ్ దాకా మెట్రో ఒకే గీతగా నడుస్తోంది. హుగ్లీ నది కింద నుంచి సాగే ఈ మార్గంలో హౌరా నుంచి సియాల్దాకు పావుగంట కూడా పట్టదు. నగరంలో బస ఎక్కడ వెతకాలన్న లెక్కనే ఈ మెట్రో మార్చివేసింది. ఊరి నడిబొడ్డున కిటికీ లేని గదికి ఇచ్చే డబ్బుతో రెండు మూడు స్టేషన్ల అవతల మంచి గది వస్తుంది, పోను రాను అయ్యే ఖర్చు రెండు టీలకయ్యేంత.

సియాల్దా లాడ్జీలు జిల్లాల నుంచి వచ్చే జనానికి చెందినవి. స్టేషను ఎదుటే ఎన్.ఆర్.ఎస్. వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, కాలేజ్ స్ట్రీట్ నడిచి వెళ్ళేంత దూరం. రోగుల వెంట వచ్చినవారు, పరీక్షలకు వచ్చిన విద్యార్థులు, కోర్టు పని పడినవారు ఒక్క రాత్రి తల వాల్చి వెళ్ళే గదులు ఇవి. అలాంటి ఒక లాడ్జిలో ఫోన్‌లోని యాప్ ద్వారా డబ్బు కట్టి గది తీసుకున్నాము. వెళ్ళేసరికి, ఆ ధర తమకు గిట్టుబాటు కాదనీ, ఇంకో నాలుగు వందలు ఇస్తేనే తాళంచెవి ఇస్తామనీ గుమాస్తా అన్నాడు. వాదించకుండా, ఆ మాట కాగితం మీద రాసి ఇమ్మన్నాను. అతను రాయలేదు, గదీ ఇవ్వలేదు. యాప్ వారికి ఫిర్యాదు చేస్తే కట్టిన డబ్బు తరువాత తిరిగి వచ్చింది కానీ, ఆ పూట మళ్ళీ వెతుక్కోక తప్పలేదు. చవక ధరల్లో ఇలా జరగడం అరుదేమీ కాదని పక్కనున్న టీ కొట్టాయన చెప్పాడు. బయలుదేరే ముందు లాడ్జికి నేరుగా ఫోన్ చేసి, ధర, ఖాళీ చేయవలసిన వేళ వారి నోటనే చెప్పించుకోవాలని కూడా అన్నాడు.

ఆయన చూపిన సందులోనే ఆసుపత్రికి వచ్చినవారు ఎక్కువగా దిగే ఒక ఇంటి మేడ మీద గది దొరికింది. అందరూ వాడుకునే వంటగది ఉంది; రోగికి గంజి కాచుకోవడానికి పెట్టిన ఏర్పాటది. మా పక్క గదిలో ముర్షిదాబాద్ నుంచి వచ్చిన ఒక తల్లి, తన కొడుక్కు శస్త్రచికిత్స జరిగే తేదీ కోసం ఎదురు చూస్తోంది. అటువంటి చోట బేరమాడడం మాకు ఇష్టం లేకపోయింది. అడిగిన 700 రూపాయలూ ఇచ్చి, సామాను పెట్టి, మెట్రోలో కరుణామయికి వెళ్ళి పొద్దుపోయేదాకా పుస్తకాలు చూశాము.

తిరుగు ప్రయాణం

మరునాడు ఆదివారం. ఆదివారాల్లో మెట్రో ఆలస్యంగా మొదలవుతుంది కాబట్టి తెల్లవారుజామున బస్సులోనే హౌరా చేరాము. రైలులో మా ఎదుటి బల్ల మీద విజయనగరం వెళ్ళే ఒక ఆవిడ కూర్చుంది. వచ్చే నెలలో తన కొడుక్కు సెక్టర్ ఫైవ్‌లో ఏదో పరీక్ష ఉందట, కోల్‌కతాలో తక్కువలో ఉండడానికి చోటేదైనా తెలుసా అని అడిగింది. నేను మా గదుల పేర్లు చెప్పబోతుంటే అక్కయ్య ఆపి, ‘అబ్బాయి ఒక్కడే వెళ్తాడా అమ్మా, తోడు ఎవరైనా ఉంటారా?’ అని అడిగింది. ఒక్కడే అంది ఆవిడ. అయితే ధర్మశాలలు వద్దని చెప్పి, రైలు టికెట్ కన్ఫర్మ్ అవగానే ఆ పీఎన్‌ఆర్ మీద హౌరాలోనే డార్మిటరీ మంచం ఒకటి తీసుకోమనీ, పరీక్ష ఆదివారమైతే మెట్రో మొదలయ్యే వేళ ముందే కనుక్కోమనీ, ఆ వేళకు అందకపోతే ముందు రాత్రి సాల్ట్ లేక్ వైపే ఉండమనీ అక్కయ్య తన నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి రాసి ఇచ్చింది.